మొదటి వరస మందులమ్మ

సముద్రపు ఒడ్డు ఊరు కాలఫోస్కాలో మందుల షాపు ఎజీస్తో గారి భార్య ఎర్సీలియాకి అరవై ఏడో ఏడు వచ్చేదాకా పెద్ద కష్టమంటూ తెలియదు. భర్త పోయిన మాట నిజమే. కానీ ఆయన మే నెలలోనే పోయాడు, సముద్రస్నానాల సీజను పాడుచెయ్యలేదు. ఆ ఏడు ఆవిడ నల్లరంగు ఈతదుస్తులు కుట్టించుకుని, నెరేయో రేవులో మొదటి వరసలో తన గొడుగు కిందే కూర్చుని పరామర్శలు అందుకుంది. పక్క గొడుగులవాళ్లు చెయ్యి పట్టుకుని ఓదార్చారు. రెండో వరసవాళ్లు లేచి ముందుకొచ్చి, నాలుగు మాటలు చెప్పి వెనక్కి వెళ్లారు. చివరి వరసవాళ్లు ఉన్నచోటి నుంచే తలలు వంచారు. ఎవరికెంత దుఃఖం ఉండాలో అంతే ఉంది.

నెరేయో అనే ఆసామి సీజనుకింతని అద్దెకిచ్చే ఆ రేవులో గొడుగులు ఐదు వరసలు. మొదటి వరసకీ సముద్రానికీ మధ్య తడి ఇసుక తప్ప మరేమీ ఉండదు. అక్కడ కూర్చునేది నోటరీ గారు, పెద్ద డాక్టరు గారి కుటుంబం, పాత మేయరు గారి చెల్లెళ్లు, ఎర్సీలియా. ఆ చోట్లు తాతల నాటి నుంచి వస్తున్నాయి. మనిషి పోతే కొడుక్కి దక్కుతాయి, కొడుకు లేకపోతే అల్లుడు ఆశపడతాడు. రెండో వరసలో పళ్ల డాక్టరు, బ్యాంకువాళ్లు. వాళ్ల వెనక దుకాణాలవాళ్లు, ఆ వెనక బొలోన్యా పట్నం నుంచి పక్షం రోజులకని వచ్చిపోయే జనం. ఐదో వరసని ఆనుకుని షవర్లు, చెత్తడబ్బాలు, కాఫీ బల్ల దగ్గర పిల్లల గోల. భోజనాల బంతిలో పై పక్కనున్నవాళ్లకి ముందు వడ్డించినట్టు, అక్కడ గాలి కూడా మొదటి వరసవాళ్లకి తగిలాకే మిగతావాళ్లకి అందేది.

మొదటి వరసవాళ్లు ఈదరు. ఎండ ముదరకముందే నడుము లోతు నీళ్లలోకి వెళ్లి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి, ఊళ్లో ఎవరి ఇల్లు అమ్మకానికొచ్చిందో, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లిందో మాట్లాడుకుని, తల తడవకుండా బయటికొస్తారు. ఎర్సీలియా జుట్టు ఉప్పునీళ్లలో తడిసి నలభై ఏళ్లు దాటింది. ఆ కాస్త మేర తప్ప తను పుట్టిన ఊరి ఒడ్డు ఆవిడకి తెలియనే తెలియదు. రేవుకి ఉత్తరాన హోటళ్లున్నాయని తెలుసు. దక్షిణాన రైలు కట్ట వెంబడి పోతే ఏరు సముద్రంలో కలిసే మొగ, మొగ దాటితే ఊరుమ్మడి ఒడ్డు ఉన్నాయని విన్నది. అక్కడ వరసలు లేవు, ఎవరు ఎక్కడైనా కూలబడొచ్చు, జనం ఇంటి దగ్గర వండుకుని గిన్నెలతో సహా దిగిపోతారు. ఎర్సీలియా వాళ్లని ‘గిన్నెలవాళ్లు’ అనేది. సముద్రం ఎదురుగా కూర్చుని వంకాయ కూర తినేవాళ్లకి సముద్రం దేనికి, వంకాయ చాలదా అని ప్రతి ఏడూ ఒకసారైనా అనేది. పక్కవాళ్లు ప్రతి ఏడూ నవ్వేవాళ్లు.

ఎజీస్తో పోయిన మూడో ఏడు ఫిబ్రవరిలో ఈశాన్యపు గాలి ఎడతెరిపి లేకుండా కొట్టింది. సముద్రం బీచి రోడ్డు దాకా వచ్చి గన్నేరు చెట్లు పెకలించి, పోతూ పోతూ నెరేయో రేవులో మంచి ముక్క కొరుక్కుపోయింది. వసంతంలో నెరేయో తాళ్లు పట్టి కొలుచుకుని తల పట్టుకున్నాడు. ఐదు వరసలకి చోటు లేదు. నాలుగే పడతాయి. పోయింది ముందు పక్క ఇసుక కాబట్టి మొదటి వరస ఉండాల్సిన చోట చేపలు తిరుగుతున్నాయి.

దాంతో ఊరు రెండుగా చీలింది. మొదటి వరస అంటే చోటు కాదు, మనుషులు, మేం ఎక్కడ కూర్చుంటే అదే మొదటి వరస, తక్కినవాళ్లంతా తలా ఒక వరస వెనక్కి జరగాలి అని మొదటి వరసవాళ్లన్నారు. మా గొడుగుల గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మునిగినవాళ్లు మునిగారు, మేమెందుకు జరుగుతాం అని రెండో వరసవాళ్లన్నారు. కాఫీ బల్ల దగ్గర పంచాయితీ పెట్టారు. ఊరి హైస్కూలు మూసేస్తారని కబురు వచ్చినప్పుడు కూడా అంతమంది రాలేదు. నోటరీ గారు లావుపాటి చట్టం పుస్తకం తెచ్చి, అందులో ఏమీ లేదని చాలాసేపు వివరించారు.

పళ్ల డాక్టరు భార్య మఫాల్దా ఇరవై ఏళ్లుగా రెండో వరసలో కూర్చుని ఎర్సీలియా వీపు చూస్తూ గడిపిన మనిషి. ఆ వీపు మీద ఏ మచ్చ ఎక్కడుందో కట్టుకున్న ఎజీస్తోకి కూడా అంత బాగా తెలిసి ఉండదు. మఫాల్దా గొంతు పెంచలేదు.

“నేను అంగుళం కదల్లేదండీ. సముద్రమే నా దగ్గరకొచ్చింది. ఇంటికొచ్చినదాన్ని పొమ్మంటామా?” అంది.

చివరికి నెరేయో రాజీ కుదిర్చాడు. రాజీ అంటే ఎవరినో ఒకరిని బలివ్వడమే కదా. ముందున్న రెండు వరసలనీ కలిపి, కుర్చీలు దగ్గరకి నొక్కి ఒకే వరసగా సర్దాడు. నోటరీ గారితో నెరేయోకి ఏటా పని పడుతుంది. డాక్టరు గారితో ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పాత మేయరు చెల్లెళ్ల నోటికి ఊరంతా జడుస్తుంది. మందుల షాపేమో అమ్మేసి రెండేళ్లయింది. అందరూ సర్దుకోగా మిగిలింది ఎర్సీలియా ఒక్కతే.

నెరేయో మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఈ ఒక్క ఏడాదికేనమ్మగారూ. నాలుగో వరసలో చివర. షవరు పక్కనే, మీకే సుఖం. కాళ్లు కడుక్కోడానికి నడవక్కర్లేదు.”

“మీ నాన్నకి ఆయాసం వస్తే రాత్రిపూట షాపు తీయించి మందు పంపింది నేను, నెరేయో.”

“అవునండి. పోయేముందు కూడా మిమ్మల్నే తలుచుకున్నాడు.”

“నాలుగో వరసలో కూర్చోబెట్టమన్నాడా?”

ఎర్సీలియా మిఠాయి పెట్టె మాత్రం తీసుకుని తలుపు తీసి నిలబడింది.

కాలఫోస్కాలో నెరేయో ఒక్కడే ఉన్నాడా, ఇంత ఒడ్డున మర్యాద తెలిసిన రేవు మరొకటి దొరక్కపోతుందా అనుకుంది ఆవిడ. జూన్ మొదట్లో ఒక పొద్దున వెడల్పాటి టోపీ పెట్టుకుని, గుడ్డ సంచీ భుజాన వేసుకుని బీచి రోడ్డు మీద బయలుదేరింది. ఎదురైనవాళ్లు ఎక్కడికని అడిగితే, కాళ్లలో నరాలు ఉబ్బాయి, నడవమన్నారు అని చెప్పింది. అరవై ఏడేళ్లలో తన ఊరి ఒడ్డు చూడబోవడం అదే మొదటిసారి.

ఉత్తరాన పెద్ద హోటలు ముందు తెల్లటి తెరలు కట్టిన మంచాలున్నాయి. గొడుగుల్లేవు, ఎక్కడి నుంచో దడదడమని పాట. ఆ మంచాలు సముద్రం వైపు కాదు, ఒకదానివైపు ఒకటి తిరిగి ఉన్నాయి. సముద్రానికి రావడం నలుగురి కంట్లో పడ్డానికేనని ఎర్సీలియాకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇన్నేళ్లూ తను చేసిందీ అదే. అయినా కాస్త దాచుకోవాలి కదా అనుకుంది. ఇంతలో మనవరాలి ఈడు పిల్ల ఒకతె పళ్లెం పట్టుకుని వచ్చి, “నీ చేతికి పట్టీ ఏదీ?” అని అడిగింది. హోటలువాళ్లు కట్టిన పట్టీ లేనివాళ్లు అక్కడ నిలబడకూడదట. ఎర్సీలియాకి పట్టీ లేనందుకు కాదు, ‘నీ’ అన్నందుకు ఒళ్లు మండింది.

దాని పక్క ఒడ్డు మఠం సన్యాసినులది. లోపలి ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి సముద్రం చూపిస్తారు. ఒక ఈల వేస్తే పిల్లలంతా నీళ్లలో పడతారు, రెండు వేస్తే బయటికొస్తారు, మూడు వేస్తే ప్రార్థన. వరసలు నెరేయో రేవులో కన్నా తీరుగా ఉన్నాయి. ఎర్సీలియాకి ప్రాణం లేచి వచ్చింది. గోడ నీడన కాసేపు కూర్చుంది. ఒక సన్యాసిని దగ్గరకొచ్చి, మీరు ఏ పిల్లకి అమ్మమ్మ గారు అని అడిగింది. ఏ పిల్లకీ కాదని చెప్పాల్సి వచ్చింది. ఎవరి అమ్మమ్మా కానివాళ్లకి అక్కడ నీడ లేదు.

ఆ పైన కుక్కల ఒడ్డు. అక్కడివాళ్లు కుక్కని “రా నాన్నా, బంగారూ” అనీ, పక్కమనిషిని “ఏయ్” అనీ పిలుచుకుంటున్నారు. వెళ్లీ వెళ్లగానే నలుగురు చుట్టూ మూగి, మీది ఏదండీ అని అడిగారు. లేదంది. పోయిందా అన్నారు. ఎప్పుడూ లేదంది. వాళ్ల ముఖాల్లో కనిపించిన జాలి చూస్తే, ఎజీస్తో పోయినప్పుడు ఊరివాళ్లు పడింది జాలే కాదనిపించింది.

ఉత్తరం అయిపోయింది. దక్షిణానికి పోవాలంటే మళ్లీ నెరేయో రేవు ముందునుంచే పోవాలి. ఎర్సీలియా టోపీ ముందుకి లాక్కుని, మిగిలిన గన్నేరు చెట్ల వెనకనుంచి దొంగలా నడిచింది. ఆకుల సందులోంచి చూడకుండా ఉండలేకపోయింది. మఫాల్దా నడుము లోతు నీళ్లలో, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. తల ఏమాత్రం తడవలేదు. ఇరవై ఏళ్లు వెనకనుంచి చూసి నేర్చుకున్న పాఠం, అక్షరం పొల్లు పోకుండా అప్పజెబుతోంది.

ఏటి మొగ మీద చెక్క వంతెన దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఎర్సీలియా కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. అవతలి గట్టున రాళ్ల కట్ట మీద చతికిలబడింది. చుట్టూ రకరకాల గొడుగులు, ఏది ఎటు తిరిగిందో తెలియదు. ఎవరో పుచ్చకాయని తడి ఇసుకలో పాతిపెట్టారు. ఎక్కడ చూసినా గిన్నెలే.

“మందులమ్మగారు కదూ? దారి తప్పారా, రేవు తప్పిందా?”

పిలిచింది పల్మీరా. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు నెత్తళ్ల తలలు తుంచిన మనిషి. రిటైరయ్యాక ఆ పని మనుషుల మీద సాగిస్తోంది. ఎర్సీలియా కాళ్ల నరాల సంగతి చెప్పబోయింది.

“నరాల సంగతి తర్వాత. ముందు మీరే పడిపోయేట్టున్నారు. ఇటు రండి” అని పల్మీరా మడత కుర్చీలోంచి తన అల్లుణ్ణి లేపి ఆవిడని కూర్చోబెట్టింది.

నీళ్లిచ్చారు. తర్వాత గిన్నె మూత తీశారు. జున్నూ టమాటా వేసి కాల్చిన వంకాయ, అడుగున కాస్త మాడింది. ఎర్సీలియా రెండుసార్లు వద్దంది. మూడోసారి ఎవరూ అడగకముందే ఇంకో ముక్క వేసుకుంది. తింటున్నంతసేపూ తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని టోపీ ముక్కు దాకా దించుకుని ఉంది. చూస్తే గీస్తే చూసేది గిన్నెలవాళ్లే కదా, వాళ్లలో తెలిసినవాళ్లెవరున్నారు అన్న ఆలోచన రావడానికి చాలాసేపు పట్టింది.

తిన్నాక, కాళ్లు తడుపుకుంటానని నీళ్లలోకి దిగింది. నెరేయో రేవులో ఇసుక మెల్లగా వాలుతుంది. ఇక్కడ అలా కాదు. ఏటి నీరు తవ్విన చోట నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకి నేల లేదు. ఎర్సీలియా టోపీతో సహా మునిగింది. పైకి తేలేసరికి టోపీ ఒకవైపు పోతోంది, జుట్టు కళ్ల మీద పడింది, నోటినిండా ఉప్పు. ఒడ్డున ఎవరో కేక వేశారు. ఆవిడకి చిన్నప్పటి ఈత చేతులకి గుర్తుంది. వెల్లకిలా తిరిగి తేలింది. అక్కడినుంచి ఊరు కనిపించింది: గంటల గోపురం, రైలు కట్ట, తన ఇంటి ఆకుపచ్చ కిటికీ తలుపులు, వాటి కింద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకే ఇసుక. నెరేయో రేవు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో వెతికింది. తెలియలేదు. చెవుల్లో నీళ్లు గుబగుబమంటున్నాయి. ఇన్నేళ్లూ దీని ముందు కూర్చుని నేను చేసిందేమిటి అనుకుంది. పల్మీరా అల్లుడు టోపీ తెచ్చిచ్చేదాకా అలాగే తేలుతూ ఉండిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఇంట్లో మూలపడిన గొడుగు ఒకటి దులిపి తెచ్చుకుంది. పిల్లల పౌడరు కంపెనీవాళ్లు ఎప్పుడో మందుల షాపుకి ఇచ్చిన పసుపుపచ్చ గొడుగు అది, మీద బోసినవ్వుల పాపాయి బొమ్మ. ఊళ్లో మాత్రం, కొండ మీద వేడినీటి ఊట దగ్గర మట్టి స్నానాలు చేస్తున్నానని చెప్పుకుంది. మట్టి స్నానాలకి ఒళ్లు ఇంత నల్లబడుతుందా అని ఎవరూ అడగలేదు. నాలుగో వరసకి దిగజారిన మనిషి ఏం చేస్తే ఎవరికి? మధ్యాహ్నాలు బ్రిస్కోలా పేకాట. పల్మీరా బాహాటంగా దొంగాట ఆడేది, పట్టుకుంటే కసిరేది. నెరేయో రేవులో ఎర్సీలియాతో ఎవరూ అలా ఎదురు మాట్లాడలేదు. కాబట్టి ఆట ఇంత రుచిగా ఉంటుందని ఆవిడకి తెలియదు.

అలాగే ఉండిపోతే బాగానే ఉండేది. కానీ జూలై రాగానే ఆవిడ ఒక మాట అంది, చాలా మర్యాదగా. గొడుగులు ఎలా పడితే అలా పాతితే ఒకరి నీడ ఒకరి మీద పడుతోంది కదా, కాస్త తీరుగా పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అని. అందరూ ఆలోచించి, నిజమేనన్నారు. ఇన్నేళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

వారం తిరక్కుండా తాడు వచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరొకాయన పొద్దున్నే వచ్చి తాడు లాగి కొలిచేవాడు. బస్సు తోలిన రోజుల్లో ఆయన ఎన్నడూ అంత వేళకి రాలేదని జనం చెప్పుకున్నారు. నెల తిరిగేసరికి ఊరుమ్మడి ఒడ్డున మొదటి వరస ఉంది. దాని మధ్యలో బోసినవ్వుల పాపాయి ఉంది. మొదటి వరసవాళ్లు వెనకవాళ్లతో మాట్లాడేటప్పుడు మెడ కొంచెమే తిప్పుతున్నారు. లోపలి ఊళ్ల నుంచి ఆదివారం వచ్చినవాళ్లు ఖాళీ చూసి కూర్చోబోతే, అది ఫలానావారి చోటని పిల్లలు కూడా చెప్పేస్తున్నారు. చోటు పోతుందన్న భయంతో గొడుగులు రాత్రి కూడా పీకకుండా వదిలి వెళ్తున్నారు. దేన్ని చూసి ఈ జనం తరతరాలుగా మూతి విరిచారో దాన్నే తాడు పట్టి కట్టుకున్నారు. అడిగితే, ఇది వేరు, ఇది సౌకర్యం కోసం అనేవాళ్లు.

ఆగస్టు మొదట్లో ఎర్సీలియా రెండో మాట అంది. పేకాట బల్ల మొదటి వరసలో ఉంటే గోలగా ఉంది, రెండో వరసలో అయితే నీడ కూడా ఎక్కువ కదా అని. పేకాట బల్ల పల్మీరాది.

“ఏవమ్మా, ఏమన్నావూ?” అంది పల్మీరా. ‘గారు’ ఆ క్షణంలోనే రాలిపోయింది. “నీ రేవులో నిన్ను గెంటేస్తే మా ఇసుక మీదకొచ్చి పడ్డావు. కుర్చీ ఇచ్చాను, కూడు పెట్టాను. ఇప్పుడు నన్నే వెనక్కి పొమ్మంటావా?”

“వెనక్కి కాదు పల్మీరా, కాస్త పక్కకి.”

“పక్కనున్నది చెత్తడబ్బా.”

“దానికి ఇవతలే.”

మర్నాడు పొద్దున ఎర్సీలియా వచ్చేసరికి పల్మీరా గొడుగు తన గొడుగుకి ముందు, చీలమండల లోతు నీళ్లలో పాతి ఉంది. పల్మీరా కుర్చీ నీళ్లలో వేసుకుని, వీపు ఇటు పెట్టి కూర్చుంది. కుర్చీ కాళ్లు ఇసుకలోకి దిగబడుతున్నాయి, అల వచ్చినప్పుడల్లా మనిషి ఒళ్లో నీళ్లు పడుతున్నాయి, అయినా కదల్లేదు. ఎర్సీలియాకి జీవితంలో మొదటిసారి సముద్రానికి బదులు వీపు కనిపించింది. వెడల్పాటి వీపు. సాయంత్రానికి బస్సు డ్రైవరు కూడా నీళ్లలోకి జరిగాడు. ఆయన వెనక ఇంకొందరు. చిన్నపిల్లలు నీళ్లలోకి దిగాలంటే గొడుగుల మధ్య దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎవరో వెళ్లి మునిసిపాలిటీలో చెప్పారు. ఊరంతా సముద్రం దగ్గరే జరుపుకునే ఆగస్టు నడిమి పండగ ఇక రెండు రోజులుందనగా తెల్లవారుజామున ఊరి గార్డులు ట్రాక్టరుతో వచ్చారు. నీటి అంచు నడిచేవాళ్లది, అక్కడ ఎవరూ ఏదీ పాతకూడదని చట్టం. రాత్రి వదిలిన గొడుగు ఎవరిదైనా పీకెయ్యొచ్చని ఇంకో చట్టం. రెండు చట్టాలూ ఒకే పూట అమలయ్యాయి. జనం వచ్చేసరికి ఒడ్డు నున్నగా ఉంది, గుంతలు మాత్రం వరసగా ఉన్నాయి.

గొడుగుల్ని మునిసిపాలిటీ వెనక పెరట్లో పోగు పెట్టారు. ఎవరిది వాళ్లు వచ్చి, తమదని ఒప్పుకుని, జరిమానా కట్టి పట్టుకుపోవాలి. ఎర్సీలియా అందరికన్నా వెనక నిలబడింది. అక్కడ కూడా క్యూ ఉంది కానీ, ఈసారి ముందుండాలని ఆవిడకి లేదు. అంతలో గేట్లోంచి మఫాల్దా వచ్చింది. ఎక్కడో పెట్టకూడని చోట పెట్టిన కారుని విడిపించుకోడానికి వచ్చిందట.

“ఎర్సీలియా గారూ, మీరిక్కడేమిటండీ? మట్టి స్నానాలు అయిపోయాయా?”

ఇంటి పన్ను గురించి కనుక్కోవడానికి వచ్చానని ఎర్సీలియా అంది. సరిగ్గా అప్పుడే గార్డు పసుపుపచ్చ గొడుగు పైకెత్తి విప్పాడు. పాపాయి పెరడంతా కనిపించేలా నవ్వింది. కాలఫోస్కాలో పిల్లల్ని కన్నవాళ్లందరికీ ఆ పాపాయి తెలుసు, ఇరవై ఏళ్లు మందుల షాపు గుమ్మంలో నిలబడింది.

“ఊరుమ్మడి ఒడ్డు, మొదటి వరస. ఎవరిదిది?” అన్నాడు గార్డు.

అందరూ ఎర్సీలియా వైపు చూడకుండా చూస్తున్నారు. పల్మీరా తన గొడుగు చంకలో పెట్టుకుని, వెళ్లబోతున్నదల్లా ఆగింది. కోపం ఇంకా తగ్గకపోయినా మాట మామూలుగానే వచ్చింది.

“మాట్లాడవేమ్మా, నీదేగా?”

“నాది కాదు” అంది ఎర్సీలియా. అక్కడితో ఆగినా పోయేది. మఫాల్దా పక్కనే ఉంది. “ఈవిడెవరో నాకు తెలియదు.”

పల్మీరా ఆవిడని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. తర్వాత గార్డు చేతిలోంచి గొడుగు లాక్కుంది.

“అయితే నాది. రాసుకో. పాపాయి అచ్చం మా మనవరాలే” అని, రెండిటికీ జరిమానా కట్టి, చంకకొకటి పెట్టుకుని వెళ్లిపోయింది.

మఫాల్దా ఎర్సీలియాని ఇంటి గుమ్మం దాకా దిగబెట్టింది. దారంతా ఎండ గురించి మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ భుజం మీద చెయ్యి వేసి, ఒంటరితనం ఎవరికైనా కష్టమేనండీ అంది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందంటే, దానికన్నా చెంపదెబ్బ నయమనిపించింది.

పండగ రోజు ఊరంతా సముద్రం దగ్గరుంది. ఎర్సీలియా కిటికీ తలుపులు మూసుకుని, టమాటాలు కోసుకుని ఒక్కతీ తిన్నది. మొదట్లో అబద్ధం ఒక్కరూ నమ్మలేదనే ఏడుపు. మఫాల్దా కూడా నమ్మలేదు, నమ్మినట్టు నటించే మర్యాద మాత్రం చూపించింది. రెండో రోజుకి ఆ బాధ పోయి ఇంకొకటి వచ్చింది. ఒళ్లు తూలి రాళ్ల మీద పడబోయిన రోజున, ఈవిడెవరో నాకు తెలియదని పల్మీరా అనలేదు. ఆ మాట ఎంత అవతలికి నెట్టినా మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

మూడో రోజు పొద్దున ఆవిడ ఆలివ్ కాయల్లో మాంసం కూరి వేయించింది. జీవితంలో ఎన్నడూ చెయ్యని పని. సగం విచ్చిపోయాయి, సగం మాడాయి. వాటిని గిన్నెలో పోసి, గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, టోపీ వెనక్కి నెట్టుకుని బీచి రోడ్డు మీద నడిచింది. నెరేయో రేవు ముందు నుంచే నడిచింది. మొదటి వరస మొత్తం వెనక్కి తిరిగి చూసింది. నోటరీ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు, ఆ తర్వాత గిన్నె చూసి కూర్చున్నారు.

ఊరుమ్మడి ఒడ్డున పసుపుపచ్చ గొడుగు పాతి ఉంది. దాని కింద పల్మీరా పేక కలుపుతోంది.

“ఎవరండీ మీరు? నాకు తెలిసినట్టు లేదే” అంది తలెత్తకుండా.

“ఎర్సీలియాని.”

“ఏ ఎర్సీలియా?”

“ఆ గొడుగు ఎర్సీలియాని.”

“ఈ గొడుగు నాది. గవర్నమెంటు ముందే తేలిపోయింది.”

“నీదే” అంది ఎర్సీలియా. “నాదని చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. నిన్ను తెలుసని చెప్పే ధైర్యమూ లేకపోయింది.” గిన్నె ఇసుక మీద పెట్టింది.

పల్మీరా ఒక ఆలివ్ కాయ తీసి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. “ఇవి వంటా, షాపు అమ్మేసినప్పుడు మిగిలిన మాత్రలా?” అంది. ఇంకోటి తీసుకుంది. తర్వాత వెనక్కి, చెత్తడబ్బా వైపు చెయ్యి చూపించింది. అక్కడొక కుర్చీ ఖాళీగా ఉంది. ఎర్సీలియా వెళ్లి అందులో కూర్చుంది. ఆ సీజను ఆఖరి దాకా అక్కడే కూర్చుంది. ఆదివారాలు అక్కడ వాసన బాగానే కొట్టేది. పేకాటకి మాత్రం పిలిచేవాళ్లు, రోజూ ఓడిపోయేది, రోజూ దొంగాట అని అరిచేది. అలా అరిచే హక్కు మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

మరుసటి వసంతంలో మునిసిపాలిటీవాళ్లు లారీలతో ఇసుక తెచ్చి నెరేయో రేవు ముందు పోశారు. మళ్లీ ఐదు వరసలు పడ్డాయి. నెరేయో ఈసారి ఇంకా పెద్ద మిఠాయి పెట్టెతో వచ్చి, పాత చోటే అమ్మగారూ, మఫాల్దా గారి పక్కనే అన్నాడు. ఎర్సీలియా వెళ్లింది. ఒక పూట కూర్చుంది. అందరూ పలకరించారు. ఆవిడ ఏమంటే దానికి అవునన్నారు. కావాలనే, పాత మేయరు గారి పాలనలో ఊరు నాశనమైందని అంది. చెల్లెళ్లు కూడా అవునన్నారు. నడుము లోతు నీళ్లలో నిలబడింది, తల ముంచింది, బయటికి వచ్చేసరికి డాక్టరు గారు కంగారుగా తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చారు, ఒంట్లో బాగుందా అని. మధ్యాహ్నం కాకముందే సంచీ సర్దుకుని ఏటి మొగ దాటింది.

ఇదంతా విని ఆవిడకి జ్ఞానోదయమైందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నెరేయో కాళ్లా వేళ్లా పడ్డాడనీ, తనే వద్దని వచ్చేశాననీ, నోటరీ గారు కంటతడి పెట్టారనీ ఆ సీజనంతా ఊరుమ్మడి ఒడ్డున చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కంటతడి పెట్టినవాళ్ల సంఖ్య పెరిగేది. తాడు ఇప్పటికీ ఉంది. రాత్రి గొడుగు వదలడం మానేశారు కానీ, పొద్దున్నే వచ్చి పాతుకోడానికి పరుగులు పెడతారు. ఎర్సీలియా చెత్తడబ్బా దగ్గరనుంచి రెండో వరసకి, అక్కడినుంచి మొదటి వరసలో ఒక చివరికి జరిగిందంటే, దానికి పల్మీరా పెద్దమనసు కారణం కాదు, ఎర్సీలియా రోజూ పెట్టిన పోరు కారణం. ఇప్పుడు డెబ్బై దాటిన ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. మధ్యాహ్నం వంకాయ తిని నీళ్లలో పడతారు. పల్మీరాకి ఈత రాదు, రొమ్ము లోతులో నిలబడి, లోపలికి పోకు, చస్తావు అని ఎర్సీలియాని తిడుతూ ఉంటుంది.

మొన్న జూన్ ఆఖరి ఆదివారం బొలోన్యా నుంచి వచ్చిన కుర్ర జంట ఒకటి వాళ్ల పక్కన ఖాళీ చూసి, ఇక్కడ కూర్చోవచ్చాండీ అని మర్యాదగా అడిగింది.

“ఖాళీ లేదు” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఎవరి చోటని ఆ అమ్మాయి అడిగింది. ఎర్సీలియా బస్సు డ్రైవరుదని చెప్పింది. పల్మీరా తన అల్లుడిదని చెప్పింది. ఎవరిదో తేల్చుకోవడానికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆ జంట కాసేపు నిలబడి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వరసల్లోకి వెళ్లిపోయింది.